పాత పిస్టల్ విప్పాలంటే భయంగా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి

మాది వనపర్తి. పాత తాళాలు, కత్తులు సేకరిస్తుంటాను. ఇప్పుడు చేతికొచ్చింది మూతి నుంచి మందు దట్టించే ఒంటిగొట్టం పిస్టల్. చెకుముకి రాయిది కాదు, సుత్తి కింద క్యాప్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీ) పెట్టే నిపుల్, అంటే చిన్న గొట్టపు మొన ఉంది. అంటే 19వ శతాబ్దపు రకం. పక్క పలక మీద లండన్ అని చెక్కి ఉంది. నకళ్ల మీదా ఆ పేరు వేసేవారు కాబట్టి నేనైతే నమ్మట్లేదు. లైసెన్స్ సంగతి పోలీసులనే అడుగుతున్నాను, ఆ చర్చ ఇక్కడొద్దు.

అసలు టెన్షన్ వేరే. గొట్టంలోకి సన్నని కర్ర దించి, అదే కొలతతో దాన్ని గొట్టం బయట పక్కన పెట్టి చూస్తే నిపుల్‌కి రెండు వేళ్ల ముందే ఆగిపోతోంది. లోపల మందూ గుండూ ఉన్నట్టేనా, లేక తుప్పా? తుపాకి మందు ఎంత పాతదైనా పొడిగా ఉంటే అంటుకుంటుంది. అందుకే వేడి, డ్రిల్లు దగ్గరికి రానివ్వట్లేదు. మూతి గోడవైపే.

అది తేలాక, గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచిన అడ్డచీల ఏ వైపు నుంచి తట్టాలి? స్క్రూల గాడి మరీ సన్నం, మామూలు స్క్రూడ్రైవర్ జారితే విలువ పోయినట్టే. ముందు నూనెలో నాననివ్వాలా? సుత్తిని కొట్టించే మెయిన్ స్ప్రింగ్‌ను, దాన్ని నొక్కి పట్టే క్లాంప్ లేకుండా ముట్టుకోవచ్చా? ఇంటికొచ్చి చూసే పాత తుపాకుల మేస్త్రి మహబూబ్‌నగర్ వైపు ఉన్నా చెప్పండి.