ప్రోటీన్‌ను ‘కోసే’ ఎంజైమా, ‘తెంచే’ ఎంజైమా?

మారతహళ్లి నుంచి:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు పిల్లలకు ఆదివారాలు సైన్సు చెబుతున్నాను. ఈసారి సబ్టిలిసిన్ గురించి. బ్యాక్టీరియా తయారుచేసే ప్రోటియేజ్ ఇది, బట్టల పౌడర్లలోనూ వాడతారు. ‘ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్’ అని రాస్తే సరిపోతుందా?

జయనగర్ నుంచి:
‘కోసే’ అంటే కత్తి గుర్తొస్తుందండీ. ‘జలవిశ్లేషక ఎంజైమ్’ అనండి, అంటే నీటి సాయంతో విడగొట్టేది, పాఠ్యపుస్తకాల మాట.

యలహంక నుంచి:
పూలు కోయడానికి కత్తి అక్కర్లేదు కదండీ! అయినా నేను ‘తెంచే’ అనే అంటాను. బంధం తెగుతుంది అంటాం, కోసుకుపోతుంది అనం. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు కదా, ఇక్కడ తెగేది రెండు అమైనో ఆమ్లాల మధ్య ఉన్న పెప్టైడ్ బంధమే.

అయితే ‘జలవిశ్లేషణ’ను మాత్రం వదలొద్దు. అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. బాసిల్లస్ సబ్టిలిస్ చేసే సబ్టిలిసిన్‌లో 275 అమైనో ఆమ్లాలుంటాయి. పనిచేసేవి ముఖ్యంగా మూడు: 32వ చోట ఆస్పార్టేట్, 64లో హిస్టిడిన్, 221లో సెరిన్. గొలుసులో ఎక్కడెక్కడో ఉన్నా, అది ముడుచుకున్నప్పుడు మూడూ ఒక్కచోటికి చేరతాయి. సెరిన్ నుంచి హిస్టిడిన్ ఒక ప్రోటాన్‌ను లాక్కోగానే సెరిన్ ఆక్సిజన్ వెళ్లి పెప్టైడ్ బంధంలోని కార్బన్‌ను పట్టుకుంటుంది. బంధం తెగి ఒక ముక్క వెళ్లిపోతుంది, రెండోది సెరిన్‌కే అతుక్కుని ఉంటుంది. దాన్ని విడిపించేది నీటి అణువు. నీళ్లు లేకపోతే ఎంజైమ్ అక్కడే ఇరుక్కుపోతుంది. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి, నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం.

జయనగర్ నుంచి:
ఆ మూడింటినీ ‘ఉత్ప్రేరక త్రయం’ అనొచ్చు. మన పేగుల్లో పనిచేసే కైమోట్రిప్సిన్‌లోనూ ఇదే త్రయం ఉంది, కానీ ఆ ప్రోటీన్ ముడుచుకునే తీరే వేరు. జీవపరిణామంలో రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే పద్ధతికి చేరాయి.

మారతహళ్లి నుంచి:
‘తెంచే’ ఖాయం చేశాను. ఒక డౌట్ అండీ. తనను తయారుచేసిన బ్యాక్టీరియా ప్రోటీన్లనే తెంచెయ్యదా?

యలహంక నుంచి:
అందుకే దాన్ని పనిచేయని రూపంలో చేసి కణం బయటికి పంపుతుందమ్మా. ముందుభాగంలో 77 అమైనో ఆమ్లాల తోక ఒకటి అదనంగా ఉంటుంది. ఎంజైమ్ సరిగ్గా ముడుచుకోవడానికి సాయపడేదీ, అది పనిచేయకుండా ఆపి ఉంచేదీ ఆ తోకే. ముడుచుకోవడం అయ్యాక ఎంజైమే ఆ తోకను తెంచుకుని, ముక్కలు చేసేస్తుంది. ఇక్కడ ‘తెంచుకోవడం’ ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. ముందుభాగాన్ని తోక అనడం ఒక్కటే నాకు నచ్చలేదు. ‘ముందుతునక’ అందామా?