ఉపాధి హామీ ఫలితాన్ని ఎవరి ఇంట్లో లెక్కపెట్టాలి?

నల్లరేగడి:
ఉపాధి హామీ మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఎన్ని పనిదినాలు, ఖాతాల్లో ఎంత కూలి పడింది అన్న లెక్కే చూపిస్తారు. దాన్నే పథకం ఫలితం అనుకోవడం తప్పని నా వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూలి చెల్లింపులకు వేలిముద్రల స్మార్ట్ కార్డులు తెచ్చినప్పుడు 8 జిల్లాల్లో ఏ మండలాలకు ముందు ఇవ్వాలో లాటరీతో తేల్చారు. ముందు వచ్చినవీ చివరికి మిగిలినవీ కలిపి 157 మండలాలను ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పోల్చి చూశారు. లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి హామీ డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చింది. బయట కూలి రేటు పెరిగింది, పనీ పెరిగింది. ఖాతాలో పడిన కూలి ఒక్కటే చూసి ఉంటే ఏడింట ఆరు వంతుల ఫలితం మనకు కనపడేదే కాదు.

పత్తిచేను:
ఆ పెరిగిన కూలి ఎవరిచ్చారు? నాలాంటివాళ్లమే కదా. ఐదెకరాలు, అందులో మూడు కౌలుకు. పత్తి తీతకు మనుషుల్ని పిలవాలంటే ప్రతి ఏడాదీ టెన్షనే. ఫలితం ఊళ్లో నలుగురికీ పాకుతుందంటే ఒప్పుకుంటాను. కానీ పాకిన చోట లాభం మాత్రమే రాసి, కౌలు రైతు మీద పడిన భారం వదిలేస్తే అదేం లెక్క?

నల్లరేగడి:
అన్నా, మీరన్నది న్యాయమే. అయితే అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో కూలి రేటూ పనీ మరింత పెరిగాయి. రేటు పెరిగితే పని తగ్గాలి, ఇక్కడ తగ్గలేదు. నేను అర్థం చేసుకున్నది ఇది: అలాంటి ఊళ్లలో ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు చెప్పిందే రేటు. ఉపాధి హామీ కూలి డబ్బు సమయానికి చేతికొస్తుంటే కూలీ బేరమాడగలడు. ఆ రేటు ఖాయం చేసేది మీలాంటి ఐదెకరాల రైతు కాదు, నిజమే. అందుకే మీ ఇల్లూ లెక్కలోకి రావాలంటున్నాను.

సర్వే పనివాడు:
ఊరంతా లెక్కపెట్టాలనడం తేలిక, కొలవడం కష్టం. ఇరుగుపొరుగు ఒకేలా మారారంటే ఒకరిని చూసి ఒకరు మారారని చెప్పలేం. ఇద్దరికీ అదే వాన, అదే బడి, అదే సంత. ఆర్థికవేత్త చార్లెస్ మాన్స్‌కీ 1993లో ఈ చిక్కునే వివరంగా రాశారు. దీన్ని దాటాలంటే లాటరీ ఊరి స్థాయిలో వేయాలి, సాయం అందనివాళ్లనూ అడగాలి.

మెక్సికోలో ప్రోగ్రెసా నగదు పథకం కోసం 506 ఊళ్లు తీసుకున్నారు. 320 ఊళ్లకు ముందు ఇచ్చి, 186 ఊళ్లను కొన్నాళ్లు ఆపారు. ఊళ్లో పేదలకే డబ్బు. ఆ 320 ఊళ్లలో డబ్బు అందని ఇళ్లను, ఆపిన ఊళ్లలో అలాంటి ఇళ్లతోనే ఆంజెలూచి, డి జార్జి అనే ఆర్థికవేత్తలు పోల్చారు. డబ్బు అందనివాళ్ల తిండి ఖర్చు కూడా దాదాపు 5 శాతం పెరిగింది. చేబదుళ్లు, చుట్టాల సాయం ద్వారా ఆ డబ్బు వాళ్ల దాకా వచ్చింది. ఒకే ఊళ్లో లబ్ధిదారుణ్ని పక్కింటివాడితో పోల్చి ఉంటే పథకం ఫలితం తక్కువగా కనిపించేది.

తూర్పుకనుమ:
ఇలా అయితే ప్రతి పథకానికీ కనపడని లాభం ఉందని చెప్పుకోవచ్చు. కొలిస్తే సున్నా కూడా రావచ్చు! మన దగ్గరే 180 ఊళ్లలో ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్ల ప్రయోగం జరిగింది. ముందు ఊళ్లకు లాటరీ, తర్వాత ఆ ఊళ్లలో పిల్లలకు లాటరీ. ప్రభుత్వ బడిలో మిగిలిన పిల్లలకు దానివల్ల మేలూ కీడూ కనపడలేదు. ఇంకో మాట, కూలీలు మండలం సరిహద్దు దగ్గర ఆగిపోరు. కార్డులు రాని మండలంలోనూ కూలి పెరిగి ఉంటే ఆ పోలికకు విలువేముంది?

సర్వే పనివాడు:
దాన్ని స్మార్ట్ కార్డుల అధ్యయనం చేసినవాళ్లు పట్టించుకున్నారండీ. చుట్టుపక్కల ఎంత మేరకు కార్డులు వచ్చాయో చూసి సరిచేస్తే ఫలితం ఇంకా పెద్దదైంది. లోటు మరోచోట ఉంది. వాళ్ల ఇంటింటి సర్వే జాబ్ కార్డు ఉన్న కుటుంబాల్లోనే జరిగింది. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో అన్ని ఇళ్లూ ఉన్నాయి. కానీ అందులో ఇంట్లో ఎక్కువ సంపాదించేవాడి నెల ఆదాయం 5 వేల లోపా, 10 వేల లోపా, ఆ పైనా అన్న మూడు గడులే ఉన్నాయి. రైతు కూలికి ఎంత పెట్టాడో దాన్నుంచి తెలియదు.

పత్తిచేను:
అదే నేనడుగుతున్నది. ఈసారి సర్వే వేస్తే కూలి అందుకున్న ఇంటితో పాటు కూలి ఇచ్చిన ఇంటికీ రండి. సొంత భూమి వేరుగా, కౌలు భూమి వేరుగా రాయండి. అప్పటిదాకా 14 శాతాన్ని కూలీ ఇంటి ఫలితం అనండి, ఊరి ఫలితం అనొద్దు.