పండ్ల ఐసుకి పంచదార వెయ్యాలా, అక్కర్లేదా?

ఎంవీపీ నాన్న:
రైతుబజారులోకి సువర్ణరేఖ మామిడి వచ్చేసింది, పిల్లలకి సెలవులు కూడా ఇచ్చేశారు. ఈ ఉక్కపోతలో ఇంట్లోనే పండ్ల ఐసు చేసుకోవడం ఎంత తేలికో చెబుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. బాగా ముగ్గిన పండ్లు రెండు తీసుకుని, గుజ్జు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, పుల్లైసు అచ్చుల్లో పోసి రాత్రి ఫ్రీజరులో పెడితే పొద్దున్నకి తయారు. చెంచాడు పంచదార కూడా అక్కర్లేదు. మామిడిపండులోనే నూటికి 14 పాళ్ళ దాకా తీపి ఉంటుంది, దాని మీద ఇంకా ఎందుకు?
అరటిపండయితే మరీ సులువు. చక్రాలుగా కోసి రాత్రంతా గడ్డకట్టించి మిక్సీలో వెయ్యండి. మొదట రవ్వరవ్వగా విడిపోతుంది, కంగారుపడకండి. అంచులు గరిటెతో లోపలికి తోసి ఇంకాసేపు తిప్పితే వెన్నలా వస్తుంది.
ముప్ఫై నలభై రూపాయలు పోసి పంచదార నీళ్ళు కొనకండి.

సీతమ్మధార అమ్మ:
అరటిపండుది నిజమే. పండు మీద నల్ల మచ్చలు వచ్చాక చేస్తే ఇంకా రుచి.

మర్రిపాలెం గృహిణి:
పంచదార అక్కర్లేదని చెప్పేవాళ్ళు ఆ గిన్నె మర్నాడు ఫ్రీజరులోంచి తీసి చెంచా దింపి చూడండి. దిగదు. పిల్లలకి రుచి చూపించే ముందు అరగంట బయట పెట్టుకోవాలి, ఆలోగా అంచులన్నీ నీళ్ళవుతాయి, మధ్యలో గడ్డ అలాగే ఉంటుంది.
కారణం చెప్తాను. ఇంటి ఫ్రీజరు మామూలుగా సున్నాకి 18 డిగ్రీలు కిందన ఉంటుంది. గుజ్జులోని నీళ్ళు గడ్డకడుతున్నకొద్దీ తీపి మిగిలిన నీళ్ళలోకి చేరి, అది చిక్కని పాకంగా గడ్డకట్టకుండా ఉండిపోతుంది. మనం మెత్తదనం అనుకునేది ఆ పాకాన్నే. చెంచాకి సులువుగా వచ్చేలా ఉండాలంటే మొత్తంలో తీపి నూటికి 25 నుంచి 30 పాళ్ళు ఉండాలి. మామిడిలో ఉన్నవి 14 అని మీరే రాశారు. అరకిలో గుజ్జులో 70 గ్రాములన్నమాట. దానికి 100 గ్రాములు కలిపితే 28 పాళ్ళు అవుతుంది. నేను వేసేది అంతే. పైగా చల్లటి పదార్థం నాలుక మీద తీపి తగ్గించి చూపిస్తుంది, అందుకే గడ్డకట్టక ముందు కాస్త ఎక్కువ తీపి అనిపించేలా ఉంటేనే తర్వాత సరిపోతుంది.

ఎంవీపీ నాన్న:
అరకిలోకి 100 గ్రాములా! ఆరు అచ్చులకి పోస్తే ఒక్కో పుల్లలో మనం కలిపిందే 17 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్ళు కూడా ఇలా కలిపే తీపిని రోజుకి పాతిక గ్రాముల లోపు ఉంచుకుంటే మంచిది. ఒక పిల్లాడు సాయంత్రం ఒక్క పుల్ల తింటే అందులో మూడింట రెండు వంతులు అక్కడే అయిపోయింది. పొద్దున పాలల్లోది, బిస్కెట్లది ఇంకా లెక్కలోకి రాలేదు.

గాజువాక చెల్లి:
పంచదార బదులు అనకాపల్లి బెల్లం వేస్తే సరిపోతుంది కదండీ? ఇద్దరికీ గొడవ ఉండదు.

మర్రిపాలెం గృహిణి:
బెల్లంలోనూ ఎక్కువ పాలు అదే తీపి అమ్మా. గడ్డకట్టే విషయంలో పెద్ద తేడా రాదు, రంగు మాత్రం నల్లబడుతుంది. వెయ్యాలనుకుంటే కొంచెం నీళ్ళలో కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారాక కలుపు. తేనె అయితే తక్కువ వేసినా ఇంకా మెత్తగా వస్తుంది, కానీ ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు.

ఎంవీపీ నాన్న:
అదే నేనూ అంటున్నది. బెల్లం పేరు చెప్పి మోసపోకండి. తీపి తీపే.

భీమిలి బాబాయ్:
ఏటి బాబూ ఈ లెక్కలన్నీ! మా రోజుల్లో ఫ్రీజరు ఎక్కడిది? ఐసు గడ్డ కొనుక్కొచ్చి, గోనెసంచిలో వేసి దంచి, బకెట్లో పోసి, మూడు గిన్నెల ఐసుకి ఒక గిన్నె కల్లుప్పు జల్లేవోళ్ళం. మధ్యలో మూతున్న స్టీలు క్యాను, అందులో రసం. దాన్ని అటూ ఇటూ తిప్పుతా ఉండాలి, మధ్యమధ్యన మూత తీసి గోడలకి అంటుకున్నది గరిటెతో గీకి కలపాలి. ఉప్పు కలిసిన ఐసు సున్నాకి ఇరవై డిగ్రీల దాకా కిందకి దిగుద్ది. కరెంటు పోయినా పనవుద్ది. ఒక్కటే జాగ్రత్త, ఉప్పునీళ్ళు క్యానులోకి పోకూడదు. గుంటలందరికీ తలో పది తిప్పులు పంచేస్తే అల్లరి కూడా తగ్గుద్ది.

మధురవాడ కుర్రాడు:
అందరూ మామిడి అంటున్నారు. కార్బైడ్‌తో మగ్గబెట్టిన పండ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? అది నిషేధించిన పద్ధతి అయినా మానడం లేదు. పంచదార కన్నా ముందు మాట్లాడాల్సింది దాని గురించి.

వన్‌టౌన్ అక్క:
తమ్ముడూ, అది వేరే చర్చ. కాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో మగ్గేసుకో, సరిపోతుంది.
మీ ఇద్దరికీ ఒక మాట. ఆయన చెప్తున్నది పుల్లైసు, కొరికి, చీకి తినేది. ఆవిడ చెప్తున్నది గిన్నెలోంచి చెంచాతో తీసుకునేది. పుల్లకి మెత్తదనం ఎందుకు? దానికి పండు తీపి చాలు. చెంచాతో తీసేదానికి పంచదారో, మీగడో, కండెన్స్‌డ్ మిల్కో ఏదో ఒకటి పడాలి. కండెన్స్‌డ్ మిల్క్‌లో మళ్ళీ సగం దాకా తీపే. ఇద్దరూ వేరు వేరు వంటల గురించి దెబ్బలాడుకుంటున్నారు.

ఎంవీపీ నాన్న:
అది కాదక్కా. పంచదార ఎక్కువ పడితే గానీ ఐసు కాదని పిల్లలకి అలవాటు చేసిందే ఈ అమ్మేవాళ్ళు. పంచదార వేస్తే పండు తక్కువ వేసినా తెలియదు. వ్యాపారం చేసుకునేవాళ్ళు పంచదారని వెనకేసుకురావడంలో ఆశ్చర్యం లేదు. మర్రిపాలెం గారు అమ్ముతారని ఇంకో చర్చలో ఆవిడే రాశారు.

మర్రిపాలెం గృహిణి:
అవును, అమ్ముతాను. దాచుకోవడానికి అదేం దొంగతనం కాదు.
పండు తక్కువ వేస్తానా? కిలో మామిడి కొంటే తొక్కా టెంకా పోను అరకిలో పైచిలుకు గుజ్జు వస్తుంది. పీచు లేకుండా జల్లెడ పట్టాలి. పళ్ళెంలో పోసి ఫ్రీజరులో పెట్టాక ముప్పావుగంటకోసారి తీసి, అంచుల దగ్గర కట్టిన పలుకుల్ని ఫోర్కుతో చిదిపి మళ్ళీ పెట్టాలి. లేకపోతే పంటి కింద కరకరమంటుంది. ఇలా నాలుగైదు సార్లు, మధ్యాహ్నం నిద్ర లేకుండా. కరెంటు పోయి కరిగిందా, మళ్ళీ గడ్డకట్టించి అమ్మను, పారబోస్తాను. గడ్డకడితే సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయంతే. ఎవరి పిల్లాడికైనా కడుపు చెడితే నాదే బాధ్యత.
పోయిన వేసవిలో మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒకాయన సరిగ్గా మీలాగే రాశాడు. ఇంట్లో పది రూపాయలకి అయిపోయేదానికి ముప్ఫై అయిదు ఎందుకు అని. కింద చప్పట్ల బొమ్మలు. ఆ వారం నుంచి ఆర్డర్లు లేవు. మా ఆయనకి పనిలేని నెలల్లో ఇంటి అద్దెకి ఆసరా అయిన డబ్బు అది. మీరు తేలిక, తేలిక అని రాసినప్పుడల్లా నా పనికి విలువ లేదని రాసినట్టే.

గోపాలపట్నం పద్మినక్క:
ఎంవీపీ గారూ, మీ ఇంట్లో ఆ గుజ్జు ఎవరు తీస్తారండీ? అడుగుతున్నానంతే.

ఎంవీపీ నాన్న:
నేనే తీస్తాను. ఆదివారం వంటిల్లు నాది. అచ్చులు కడిగేది కూడా నేనే.
మర్రిపాలెం గారూ, మీ ధర గురించి నేను ఒక్క మాట అనలేదు.

మర్రిపాలెం గృహిణి:
మొదటి పోస్టులో చివరి వాక్యం చదువుకోండి. ముప్ఫై నలభై పోసి పంచదార నీళ్ళు కొనకండి అని ఉంది.

ఎంవీపీ నాన్న:
అది రంగునీళ్ళు గడ్డకట్టించి అమ్మేవాటి గురించి. ఆ మాట ఇప్పుడూ అంటాను.
మీ బాధ మీరు చెప్పారు, నాదీ వినండి. మా పెద్దాడికి ఆరేళ్ళు. పాలపళ్ళు పుచ్చిపోయి దంతాల డాక్టరు కుర్చీలో వాడు ఏడుస్తుంటే చేతులు పట్టుకున్నది నేను. మా నాన్నకి షుగరు. ఏ చుట్టాలింటికి వెళ్ళినా, ఏ పుట్టినరోజుకి వెళ్ళినా వాడి చేతిలో తీపి పెడతారు. వద్దంటే పిల్లాణ్ణి నోరు కట్టేసి పెంచుతున్నాడంటారు. సొంత అత్తగారే అన్నారు. పంచదార లేకుండా కూడా రుచిగా ఉంటుందని వాడికి చూపించగలిగింది ఈ పుల్లైసు ఒక్కదానితోనే. దాన్ని కూడా మీరు కుదరదంటే నాకు మండింది.

మర్రిపాలెం గృహిణి:
పిల్లాడి సంగతి విని బాధేసింది. మీ పిల్లాడికి వద్దంటే వద్దు, అది మీ ఇష్టం, ఎవరూ కాదనకూడదు కూడా. కానీ మీ ఇంటి నియమం ఊరందరికీ పెట్టి, అమ్మేవాళ్ళంతా మోసం చేస్తున్నారని రాస్తే ఊరుకోను. నా డబ్బా మీద ఏమేం వేశానో, ఎంత వేశానో రాసే ఇస్తాను.

భీమిలి బాబాయ్:
డబ్బా మీద రాస్తావా అమ్మా? మరింకేటి గొడవ.

ఎంవీపీ నాన్న:
రాస్తే మంచిదే. రాయనివాళ్ళ గురించే నా గొడవ.

నిర్వాహకులు:
ఇక్కడ వంట వరకే మాట్లాడుకుందాం. అమ్మకాలు, ధరల మీద మాట్లాడాలంటే చిన్న వ్యాపారాల విభాగంలో వేరే చర్చ తెరవండి.

కంచరపాలెం కోడలు:
మా అత్తగారికి షుగరు. పుచ్చకాయతో ఏమైనా చెయ్యొచ్చా? అచ్చుల్లో పోస్తే ఉత్త ఐసుగడ్డలా వచ్చింది, రుచీ లేదు.

మర్రిపాలెం గృహిణి:
పుచ్చకాయలో నూటికి 90 పాళ్ళ పైనే నీళ్ళు, తీపి చాలా తక్కువ. అందుకే అలా వచ్చింది. అచ్చులు వద్దు. గింజలు తీసి, మిక్సీ పట్టి, అర నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి, వెడల్పాటి పళ్ళెంలో అంగుళం మించకుండా పొయ్యి. అంచులు గడ్డకట్టడం మొదలవగానే ఫోర్కుతో గీకు. అరగంటకోసారి అలా గీకుతూ ఉంటే చివరికి పొడిపొడిగా ఎర్రటి పలుకులు వస్తాయి. గాజు గ్లాసులో వేసి వెంటనే ఇచ్చెయ్యాలి. పంచదార వెయ్యకు. అయినా పండులో తీపి పండులో ఉంటుంది కాబట్టి ఆవిడకి చిన్న గ్లాసుతోనే పెట్టు.

ఎంవీపీ నాన్న:
చూశారా, పంచదార లేకుండానే అయింది.

మర్రిపాలెం గృహిణి:
అది గీకి తినేది. గిన్నెలోంచి చెంచాతో ముద్దగా తీసేది కాదు. మొదటి నుంచీ నేను చెప్తున్నది అదే.