వండర్‌లాలో ముందు నీళ్లలో దిగాలా, డ్రై రైడ్స్ ఎక్కాలా?

సూర్యాపేట_అక్క:
మే నెలాఖర్లో పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వద్దామని అనుకుంటున్నాం, కార్లో వచ్చి రాత్రికి మళ్లీ ఇంటికి వచ్చేయాలి. మేమిద్దరం, పదమూడేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మా అత్తమ్మ. వారం నుంచి ఇంట్లో ఒకటే గొడవ, ముందు వాటర్ రైడ్సా, నీళ్లు లేని డ్రై రైడ్సా అని. మా ఆయనేమో వెళ్లగానే నీళ్లలో పడదాం అంటారు, మా తోడికోడలు అలా అస్సలు చేయొద్దంటుంది. ఊరికే ఇది బెస్ట్ అది బెస్ట్ అనకుండా ఎందుకో కూడా చెప్పండి ప్లీజ్.

ఓఆర్ఆర్_రాజు:
డ్రై ఫస్ట్ అక్కా, ఇండ్ల ఆలోచించేదేం లేదు. రీకాయిల్ అని రోలర్ కోస్టర్ ఉంటది కదా, అది లూపులు తిరిగి మళ్లా అదే ట్రాక్ మీద వెనక్కి వస్తది. అంటే ఆ బండి వచ్చి ఆగి, జనం దిగి, కొత్తోళ్లు ఎక్కి, ఒక్కొక్కరి బార్ లాగి చెక్ చేసి పంపేదాంక ఇంకో బండి పోయే సీన్ లేదు, ట్రాక్ మీద ఉండేది ఒక్కటే. లైన్ చూస్తే చిన్నగనే అనిపిస్తది కానీ కదలదు. అదే వేవ్ పూల్ ఉంది, అలలొచ్చే కొలను, ఎంతమంది దిగినా దానికి లైన్ ఏముంటది చెప్పు. అందుకే గేట్ తియ్యంగనే సీదా పోయి మెల్లగ కదిలే లైన్లు కొట్టేయాలె. పైగా వాటర్ సైడు పార్క్ తెరిచిన కొంచెంసేపటికి గానీ షురూ కాదు, ఆ టైం ఏం చేస్తరు మరి.

బెజవాడ_బుల్లోడు:
రాజుగారూ మీరు కాలేజీ కుర్రాళ్ల లెక్క చెప్తున్నారండీ. అక్కడ పాపకి ఏడేళ్లు. హైట్ చూసి ఎక్కించే పెద్ద రైడ్ల దగ్గర పాపని ఆపేస్తారు, ఎవరో ఒకరు పాపతో బయట నిలబడాలి, అన్నయ్య ఎక్కాడు నేనెందుకు ఎక్కకూడదని అది ఏడుపు, పొద్దున్నే మూడ్ పోతుంది. నీళ్లలో అయితే అందరూ కలిసే ఉంటారు. ఇంకోటి, ఎవరూ చెప్పట్లేదు గానీ వాటర్ సైడ్ డ్రై సైడ్ కంటే ముందే మూసేస్తారు కదా, సాయంత్రం దాకా నీళ్లలో ఉన్న జనమంతా ఒకేసారి షవర్లకీ బట్టలు మార్చుకునే గదులకీ వస్తారు. ఒక చేత్తో టవల్, ఒక చేత్తో లాకర్ తాళం, చంకలో వణికే పిల్ల. ఆ తడి జుట్టుతో కార్లో ఏసీ వేసుకుని సూర్యాపేట దాకా. ముందు నీళ్లు అయిపోగొడితే చల్లబడ్డాక హాయిగా డ్రై రైడ్స్ ఎక్కొచ్చు.

కడప_కారం:
బుల్లోడన్నా, అంతా బాగానే చెప్పినావు గానీ అన్నం సంగతి మర్చిపోయినావే. నీళ్లలో ఆడినాక ఆకలి మామూలుగా ఉండదు, బిర్యానీ ఒక పట్టు పట్టేసి ఆ పొట్టతోనే పోయి తలకిందులు చేసే రైడ్ ఎక్కితే ఏమైతాదో నేను చెప్పల్నా. పొద్దున రెండు ఇడ్లీ తిని అవన్నీ ఎక్కేయాల, తర్వాత అన్నం, కొంచేపు కూర్చుని నీళ్లలోకి. అన్నం కూడా ఒంటిగంటకి పోవద్దండి, ఊరంతా అప్పుడే వస్తాది, పన్నెండున్నరకే తినేయండి. బయట తిండి లోపలికి రానీయరు కాబట్టి పులిహోర ప్లాన్లు పెట్టుకోవద్దండి.

ఎల్బీనగర్_లత:
మీరు ముందా వెనకా అని కొట్టుకుంటున్నారు, బట్టల గురించి ఒక్కరూ చెప్పలేదు. కాటన్ వేసుకుంటే పూల్లోకి రానివ్వరండీ, చీర, చుడీదార్, కాటన్ టీషర్ట్ ఏదీ కుదరదు, నైలాన్‌గానీ లైక్రాగానీ ఉండాలి. కాళ్లూ చేతులూ నిండా ఉండే సూట్లు బయట స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, ముందే కొనుక్కుని వెళ్లండి, అక్కడికెళ్లాక సైజ్ వెతుక్కునే పని తప్పుతుంది. తడి బట్టలతో డ్రై రైడ్ ఎక్కనివ్వరు కాబట్టి కాసేపు ఇటు కాసేపు అటు అని తిరగొద్దు, రోజుకి ఒక్కసారే మార్చుకునేలా చూసుకోండి. టికెట్ కూడా వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి, 140 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్ల టికెట్టే, మీ బాబుని ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలవండి.
అత్తమ్మగారి గురించి ఒక మాట, ఏమనుకోవద్దు. రోజంతా బ్యాగులకి కాపలా పెట్టడానికైతే తీసుకెళ్లకండి పాపం. ఆవిడ కూడా రావాలంటే రామోజీ ఫిల్మ్ సిటీ నయం, టూర్ చాలావరకు బస్సులో కూర్చోబెట్టి తిప్పుతారు, పైగా మీరొచ్చే విజయవాడ హైవే మీదే ఉంది.

సూర్యాపేట_అక్క:
బాబు రోలర్ కోస్టర్ అని ఏడాదిగా ప్రాణం తీస్తున్నాడు లతగారూ, రామోజీ అంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇందాక ఈ మెసేజ్ చదివి వినిపిస్తే అత్తమ్మే నేను రాను పొండి, నూకల ఉప్మా చేసుకుని టీవీ చూసుకుంటా అంది. రాజు తమ్ముడూ, మామూలు రోజు వస్తే ఖాళీగా ఉంటుందా? లైన్ తగ్గడానికి ఎక్కువ డబ్బులు పెట్టి కొనే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ తీసుకోవాలా?

ఓఆర్ఆర్_రాజు:
మేలో మామూలు రోజేంది అక్కా, జూన్ రెండో వారం దాంక స్కూళ్లకు సెలవులే కదా. అయినా శని, ఆదివారాల కంటే మంగళవారమో బుధవారమో నయం. అదే డిసెంబర్ల అయితే మామూలు రోజు కూడా స్కూల్ పిక్నిక్ బస్సులుంటయ్. ఫాస్ట్‌ట్రాక్ ఆదివారం వచ్చేటోళ్లకు పనికొస్తది, వారం మధ్యల మాత్రం పైసలు దండగ, పాపకైతే అసలే వద్దు, ఎక్కే రైడ్లే తక్కువ. పెద్ద అంబర్‌పేట కాడ ఓఆర్ఆర్, అదే ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి బొంగుళూరు దాటితే 13వ ఎగ్జిట్, రావిర్యాల, అక్కడ దిగుడే. గేట్ తీసే ముందే ఉండాలె, టికెట్ ఆన్‌లైన్ల. బావ, బాబు పెద్ద రైడ్లకు పోతరు, నువ్వు పాపతోని పిల్లల రైడ్లకు పో, అన్నం కాడ కలుస్తరు, ఆడికెల్లి అందరు నీళ్లకు.

బెజవాడ_బుల్లోడు:
సగం రోజు విడివిడిగా తిరగడానికి ఫ్యామిలీ ట్రిప్ ఎందుకండీ 😀

కడప_కారం:
అన్నా మే నెల ఎండ గురించి ఆలోచించినావా? మీ ప్లాన్‌లో మూడింటికి నీళ్లలోంచి బయటికొచ్చి ఎండలో లైన్లో నిలబడాల. నీళ్లలో ఉండాల్సిన టైమే అది. చెప్పుల్లేకుండా ఆ బండల మీద స్లైడ్ మెట్ల దాకా నడిచేదే కష్టం, పెనం మీద నడిచినట్టే, నీడున్న పక్కనుంచి పరిగెత్తాల.

బెజవాడ_బుల్లోడు:
సరే, మే నెలకైతే మీ మాటే ఒప్పుకుంటా. చలికాలం మాత్రం నా మాటే, డిసెంబర్లో నాలుగు దాటాక నీళ్లలోంచి బయటికొచ్చి చూడండి తెలుస్తుంది.

సూర్యాపేట_అక్క:
అయితే డ్రై ముందు, ఫాస్ట్‌ట్రాక్ లేదు, బుధవారం. బాబు 143 ఉన్నాడు, పెద్ద టికెట్టే. నీళ్లలోంచి నాలుగున్నరకే లాగేస్తా, షవర్ల దగ్గర జనం పడకముందే. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.