నియాన్ గోబీ లార్వాలు నాలుగో రోజు దాటడం లేదు: లోపం నీటిదా, మేతదా?

నీలిచార (హైదరాబాదు):

అందరికీ నమస్కారం. మా ఇంట్లోని 120 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో ఒక నియాన్ గోబీల జంట ఉంది. ఫ్లోరిడా, మెక్సికో సింధుశాఖ ప్రాంతాల పగడపు దిబ్బల మీద పెద్ద చేపల ఒంటిపై పరాన్నజీవులను ఏరి తినే రకమే ఇది. అయిదు సెంటీమీటర్లకు మించదు, నల్లటి ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలి చార మెరుస్తుంటుంది. ఆర్‌ఓ నీటిలో కృత్రిమ సముద్రపు ఉప్పు కలిపి, రిఫ్రాక్టోమీటరుతో చూసుకుంటూ లవణీయతను 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35 భాగాల ఉప్పు) దగ్గర ఉంచుతున్నాను. ఉష్ణోగ్రత 26 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటోంది. పరీక్షల్లో అమోనియా గాని, నైట్రైట్ గాని కనబడటం లేదు.

రాళ్ల మధ్య పెట్టిన అర అంగుళం పీవీసీ గొట్టం ముక్కను ఈ జంట ఇల్లు చేసుకుంది. రెండు మూడు వారాలకు ఒకసారి గొట్టం లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. మగ చేప లోపలే ఉండి రెక్కలతో నీటిని విసురుతూ కాపలా కాస్తుంది. మొదట పారదర్శకంగా ఉన్న గుడ్లలో క్రమంగా కళ్లు ఏర్పడి, ఆ కళ్లు వెండిలా మెరవడం మొదలైన తరువాత, దాదాపు ఏడో రోజుకు పొదుగుతున్నాయి. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

పొదిగిన లార్వాలను వేరే ట్యాంకులోకి తీసి, ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను పలుచని గుడ్డలో వడకట్టి కొద్దికొద్దిగా వేస్తున్నాను. దానితో పాటు అప్పుడే పొదిగించిన ఆర్టీమియా (రొయ్య జాతికి దగ్గరి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలను కూడా వదులుతున్నాను. మూడో రోజుకు చాలా వరకు, నాలుగో రోజుకు అన్నీ చనిపోతున్నాయి. లోపం నీటిలో ఉందా, మేతలో ఉందా? గుడ్లను తండ్రి చేప దగ్గర నుంచి ఎప్పుడు తీయాలి? రోటిఫర్లు (నీటిలో ఈదే అతి సూక్ష్మ జీవులు) తప్పనిసరి అయితే, సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఇంట్లో వాటిని పెంచడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

తీరవాసి (విశాఖపట్నం):

నీలిచార గారూ, మీరిచ్చిన లెక్కలను బట్టి నీటిని అనుమానించవలసిన అవసరం కనబడదు. మంచి గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు రెండు మూడు రోజులు చురుకుగా ఈది, ఆ తరువాత ఒక్కసారిగా రాలిపోతున్నాయంటే అది ఆకలి చావే. నేను రొయ్యల హేచరీలో పని చేస్తాను, ఇంట్లో గోబీలను పెంచుతాను. రెండు చోట్లా ఈ లక్షణం ఒకే తీరుగా కనబడుతుంది.

నియాన్ గోబీ లార్వా పొదిగేటప్పుడు మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. కడుపు కింద మిగిలిన పచ్చసొన సంచి చాలా చిన్నది కాబట్టి, అది తొలి రోజు నుంచే వేటాడి తినాలి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది; అది ఆ నోటికి పట్టదు. ఇక కోడిగుడ్డు పచ్చసొన కదలదు. లార్వా కంటితో చూసి, కదిలే దానినే పట్టుకుంటుంది కనుక సొన రేణువులు దాని ముందు నుంచే జారి అడుగున చేరి కుళ్లిపోతాయి. అంటే మీరు వేస్తున్న రెండు మేతలలో ఒకటి నోటిలో పట్టనిది, రెండవది కంటికి ఆననిది. పైగా రెండవది నీటిని కూడా పాడు చేస్తుంది.

కావలసినది రోటిఫర్. చేపల హేచరీలలో వాడే వాటిలో చిన్న రకం 100 నుంచి 210 మైక్రాన్లు, పెద్ద రకం 130 నుంచి 340 మైక్రాన్లు ఉంటుంది (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు). మీరు చిన్న రకంతో మొదలుపెట్టడం క్షేమమని నా అభిప్రాయం. లార్వాల ట్యాంకులో ప్రతి మిల్లీలీటరు నీటికి అయిదు నుంచి పది రోటిఫర్లు ఎల్లవేళలా ఉండాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు. తల తిప్పిన ప్రతిచోటా మేత కనబడితేనే ఈ వయసులో అవి బతుకుతాయి.

హైదరాబాదులో పెంచడం సాధ్యమే. పది లీటర్ల బకెట్టు, ఒక చిన్న ఎయిర్ పంపు, 20 నుంచి 25 పీపీటీ ఉప్పునీరు, మేతగా నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ ఆల్గే ఉంటే చాలు. నీరు లేత ఆకుపచ్చగా ఉన్నంత వరకు రోటిఫర్లకు ఆకలి లేదని అర్థం. నీరు తేటపడితే మళ్లీ ఆల్గే పోయాలి. రోజూ బకెట్టులో నాలుగో వంతు నీటిని 53 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, చిక్కిన రోటిఫర్లను శుభ్రమైన ఉప్పునీటితో కడిగి వాడుకుని, బకెట్టులో ఆ మేరకు కొత్త నీరు నింపాలి. ఈ పని వాయిదా పడితే అమోనియా పెరిగి కల్చరు మొత్తం రాత్రికి రాత్రే కూలిపోతుంది. అందుకే ఒకటి కాక రెండు బకెట్లు నడపాలి. రోటిఫర్ల బకెట్టులో ముంచిన గరిటెను ఆల్గే సీసాలో ముంచకూడదు. ఒక్క రోటిఫర్ చేరినా కొద్ది రోజులలో ఆల్గే మొత్తాన్ని తినేస్తుంది.

బేకరీ ఈస్టుతో కూడా రోటిఫర్లు పెరుగుతాయని చాలామంది చెబుతారు. పెరగడం నిజమే గాని, అలా పెరిగినవి పొట్టలో ఏమీ లేనివి. చేప లార్వాకు కావలసిన డీహెచ్ఏ, ఈపీఏ వంటి కొవ్వు ఆమ్లాలు రోటిఫర్ తిన్న ఆల్గే నుంచే రావాలి. నానోక్లోరాప్సిస్‌లో ఈపీఏ బాగా ఉంటుంది, డీహెచ్ఏ మాత్రం లేనట్టే. ఆ లోటును ఐసోక్రైసిస్ అనే ఆల్గే తీరుస్తుంది. లార్వాలకు వేయడానికి కొన్ని గంటల ముందు రోటిఫర్లకు ఐసోక్రైసిస్ గాని, హేచరీలలో వాడే కొవ్వు ఆమ్లాల మిశ్రమం గాని పెడితే ఆ పోషకం నేరుగా లార్వాకు అందుతుంది.

రోటిఫర్ల తొలి విత్తు కోసం సముద్ర చేపల హేచరీలను అడగవచ్చు. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గ్రూపర్, ఇండియన్ పాంపానో అనే సముద్ర చేపల పిల్లలను ఉత్పత్తి చేశారు. అటువంటి చేపలకు కూడా రోటిఫర్ వంటి సూక్ష్మజీవుల మేతతోనే తొలి రోజులు గడుస్తాయి. రొయ్యల హేచరీకి వెళ్తే ఆర్టీమియా తప్పక దొరుకుతుంది, రోటిఫర్ దొరకకపోవచ్చు. అక్కడ జోయియా అనే దశలోని రొయ్య లార్వాలకు మేతగా పెంచేవి కీటోసెరాస్, థలాసియోసైరా అనే డయాటమ్ రకపు ఆల్గే. మీకు కావలసిన ఆల్గే అది కాదు.

రీఫ్‌మిత్రుడు (టాంపా, ఫ్లోరిడా):

తీరవాసి గారు చెప్పిన దానిలో ఒక్క విషయం తప్ప మిగిలినదంతా అంగీకరిస్తాను. నియాన్ గోబీకి చిన్న రకం రోటిఫర్ కోసం వెతకనవసరం లేదు. ఇక్కడ ఇళ్లలో పెంచేవారు ఎక్కువగా పెద్ద రకాన్నే వాడతారు, లార్వాలు మొదటి రోజు నుంచే దానిని తింటాయి. చిన్న రకానికి వేడి కూడా కాస్త ఎక్కువ కావాలి. పసుపు క్లౌన్ గోబీ సంగతి వేరు. దాని లార్వా ఇంకా చిన్నది. దానికి చిన్న రోటిఫర్ కూడా పెద్దదే అవుతుంది, కోపెపాడ్ అనే మరో సూక్ష్మ జలజీవి పిల్లలు కావాలి. అందుకే గోబీల పెంపకం మొదలుపెట్టేవారికి నియాన్ గోబీని మించిన రకం లేదు. ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో ఉన్న ఓఆర్ఏ వంటి సంస్థలు చాలాకాలంగా ట్యాంకులో పుట్టిన నియాన్ గోబీలనే అమ్ముతున్నాయి.

ఇక గుడ్ల విషయం. వాటిని ముందుగా తీయవద్దు. తండ్రి చేప చేసే కాపలా, విసరడం, బూజు పట్టిన గుడ్లను తినివేయడం మనం ఏ ఎయిర్ స్టోను (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి)తోనూ సరిగా చేయలేము. కళ్లు వెండిలా మెరిసిన తరువాత, పొదుగుతాయనుకున్న ముందు రోజు సాయంత్రం, గొట్టాన్ని నీటిలోనే ఒక చిన్న డబ్బాలోకి తీసుకుని, గాలి తగలకుండా పెంపక ట్యాంకుకు మార్చండి. మగ చేప గొట్టం వదలకపోతే మెల్లగా వంచితే బయటికి వస్తుంది. కొత్త చోట గొట్టం నోటి దగ్గర సన్నని బుడగలు పోయేలా ఎయిర్ స్టోను పెడితే చాలు. పాత చోట వెంటనే అదే కొలత గొట్టం మరొకటి పెట్టండి, లేకపోతే జంట ఏదో రాతి సందులో గుడ్లు పెడుతుంది. అక్కడి నుంచి మీరు వాటిని తీయలేరు.

పెంపక ట్యాంకు 20 నుంచి 40 లీటర్లు సరిపోతుంది. దానిలో నింపవలసినది తల్లిదండ్రుల ట్యాంకు నీరే. ఇసుక, రాయి, బలమైన ఫిల్టరు వద్దు. పక్కల నాలుగు వైపులా నల్ల కాగితం అంటించండి. అద్దం మీద పడిన వెలుగు వైపు లార్వాలు గుంపుగా పోయి గోడకు తల కొట్టుకుంటాయి, మేత నీటి మధ్యలో మిగిలిపోతుంది. వెలుగు పైనుంచే రావాలి. నీటికి లేత ఆకుపచ్చ రంగు వచ్చేంత నానోక్లోరాప్సిస్ కలిపితే లార్వా తినని రోటిఫర్లు ఆకలితో పస్తుండవు, వెలుగు సమానంగా పరుచుకుంటుంది, మేత కంటికి స్పష్టంగా కనబడుతుంది. రోజూ సన్నని గొట్టంతో అడుగు మురికిని సైఫన్ చేసి, తీసినంత నీటిని పెద్ద ట్యాంకు నుంచి చుక్కలుగా వదలండి.

తిన్నాయో లేదో ఊహించనవసరం లేదు. ఒక లార్వాను గాజు గ్లాసులోకి తీసి భూతద్దంతో చూడండి. ఒళ్లు పారదర్శకం కనుక నిండిన పొట్ట వెంటనే తెలుస్తుంది.

గౌతమి (కాకినాడ):

ఆర్టీమియాకు మారే దశ గురించి ఒక మాట. సాధారణంగా రెండో వారంలో, లార్వాలలో పెద్దవి కొన్ని ఆర్టీమియాను మింగగలుగుతాయి. చిన్నవి ఇంకా మింగలేవు. కాబట్టి కొన్ని రోజుల పాటు రెండు మేతలూ కలిపి నడపాలి. ఆర్టీమియా గుడ్డు పెంకులను పూర్తిగా వేరు చేయండి, అవి లార్వా పేగులో అడ్డుపడతాయి. వేరే పోషకమేదీ పట్టించకుండా వేసేటప్పుడు పొదిగిన వెంటనే వాడండి. ఆలస్యమైతే ఆర్టీమియా తన ఒంటిలోని నిల్వను తానే ఖర్చు చేసుకుంటుంది. దానిలో సహజంగా డీహెచ్ఏ దాదాపు ఉండదు కనుక తినడం మొదలుపెట్టే రెండో దశకు వచ్చిన ఆర్టీమియాకు కొవ్వు ఆమ్లాల మిశ్రమం పట్టించి వేయడం మంచిది. ఆ లోపం ఉన్న పిల్లలు బాగానే ఉన్నట్టు కనబడి, లార్వా చేపపిల్లగా మారే రూపాంతరం దగ్గర పడగానే చిన్న కుదుపుకు, లైటు వేసినంత మాత్రానికి బిగుసుకుని చనిపోతాయి.

మూడో వారం చివరి నుంచి అయిదో వారం మధ్య లార్వాలు ఒక్కొక్కటిగా నీటి మధ్య నుంచి దిగి గోడలకు, అడుగుకు అంటుకుంటాయి. అప్పుడే నీలి చార తేలుతుంది. ఆ సమయానికి చిన్న చిన్న పీవీసీ ముక్కలు వేసి ఉంచండి. పెరిగిన తరువాత జతకట్టినవి మిగిలిన వాటిని తరుముతాయి కనుక జంటలను విడదీయాలి. ఇవి ఎక్కువ కాలం బతికే చేపలు కావు, రెండేళ్లు దాటితే గొప్పే. ఇప్పుడున్న జంట ముసలిదయ్యే లోపు రెండవ తరం సిద్ధంగా ఉండటం మంచిది.

మరొక విషయం. పెద్ద ట్యాంకులో అలంకరణ కోసమైనా సరే, తీరంలో దొరికిన పగడపు రాళ్లు తెచ్చి పెట్టవద్దు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందుతున్నాయి. కుండపెంకు, సిరామిక్ ముక్కలు గోబీకి అంతే ఇష్టం. మన గోదావరి కాలువలలోని ఇసుకదొందు కూడా గోబీ కుటుంబానికి చెందినదే, దానికీ నేలను అంటిపెట్టుకుని ఉండటమే అలవాటు.

నీలిచార (హైదరాబాదు):

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆర్టీమియానే తొలి మేత అనుకున్నాను, నోటి కొలత సంగతి ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. నా పెంపక ట్యాంకు 20 లీటర్లది. దానికి రోజుకు ఎన్ని రోటిఫర్లు కావాలో, ఒక బకెట్టు సరిపోతుందో లేదో తెలుసుకోవాలని ఉంది. మరో వారంలో జంట మళ్లీ గుడ్లు పెట్టేలా ఉంది. ఆడ చేప పొట్ట ఉబ్బింది. ఆ గుడ్లకు ఈ ఏర్పాటు అందుతుందా?

తీరవాసి (విశాఖపట్నం):

ముందు లెక్క చూద్దాం. 20 లీటర్లంటే 20,000 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు అయిదు చొప్పున లక్ష, పది చొప్పున రెండు లక్షల రోటిఫర్లు కావాలి. బాగా నడుస్తున్న బకెట్టులో మిల్లీలీటరుకు వంద ఉంటాయనుకుంటే, పది లీటర్లలో పది లక్షలు ఉంటాయి. రోజూ నాలుగో వంతు తీస్తే రెండున్నర లక్షలు చేతికి వస్తాయి. కాబట్టి ఒక బకెట్టు సరిపోతుంది, రెండవది కేవలం భద్రత కోసం. లెక్కించడానికి ఒక మిల్లీలీటరు నీటిని సిరంజితో తీసి, ఒక చుక్క అయోడిన్ వేసి, భూతద్దం కింద చూడండి. అయోడిన్ పడితే అవి కదలకుండా ఆగిపోతాయి, ఓపికగా లెక్కపెట్టవచ్చు. రీఫ్‌మిత్రుడు గారి మాట ప్రకారం మీకు పెద్ద రకమే ముందుగా దొరికితే దానినే తీసుకోండి. ఈ చేపను ఆయన దాని సొంత తీరంలో ఉండి పెంచుతున్నారు, నేను గ్రూపర్ వంటి చేపల హేచరీల అలవాటును బట్టి చిన్న రకం అన్నాను.

రాబోయే గుడ్లకు ఇది అందదు. తెచ్చిన విత్తు కొద్దిగానే ఉంటుంది. అది బకెట్టు నిండా పెరిగి, రోజూ నాలుగో వంతు తీసినా తగ్గని స్థితికి రావడానికి వారం పది రోజులైనా పడుతుంది, అంతకు ముందే ఆల్గే సిద్ధమై ఉండాలి. ఈసారి గుడ్లను తండ్రి దగ్గరే వదిలేయండి. ఆరోగ్యంగా ఉన్న జంట రెండు మూడు వారాలలో మళ్లీ పెడుతుంది కనుక తొందర లేదు. ఈలోగా ఎయిర్ పంపుకు బ్యాటరీ ఏర్పాటు చేసుకోండి. వేసవిలో కరెంటు పోయినప్పుడు అన్నిటికంటే ముందు పడిపోయేది రోటిఫర్ బకెట్టే.