ఆర్డినెన్స్ ‘రద్దయింది’ అనాలా, ‘మురిగిపోయింది’ అనాలా?

ప్రశ్న: సభ కూడి లేనప్పుడు గవర్నర్ తాత్కాలిక చట్టంగా ఇచ్చే ఆర్డినెన్స్ పూర్తిస్థాయి చట్టంగా మారకుండా గడువు దాటితే ఒక పత్రిక ‘రద్దయింది’ అంటుంది, ఇంకోటి ‘మురిగిపోయింది’ అంటుంది. ఏది సరైనదండీ? ‘కాలదోషం పట్టింది’ అనవచ్చా?

జవాబు: ‘రద్దు’ ఇక్కడ పొసగదండీ. రద్దంటే ఎవరో పూనుకుని కొట్టేయాలి. రాజ్యాంగం 213వ అధికరణం ప్రకారం ఆర్డినెన్స్‌ను సభ ముందు పెట్టాలి. సభ తిరిగి కూడిన నాటి నుంచి 6 వారాలు నిండితే అది దానంతటదే ఆగిపోతుంది. లెక్క జారీ అయిన తేదీ నుంచి కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. మన రెండు రాష్ట్రాల్లోలాగా మండలి కూడా ఉన్నచోట రెండు సభలూ వేర్వేరు రోజుల్లో కూడితే, వెనక కూడిన సభ తేదీయే లెక్క. రెండు సమావేశాల మధ్య 6 నెలలకు మించి ఎడం ఉండకూడదని 174వ అధికరణం చెబుతోంది కనుక, ఒక ఆర్డినెన్స్ గరిష్ఠ ఆయుష్షు సుమారు ఏడున్నర నెలలు.

గడువుకు ముందే శాసనసభ నిరాకరణ తీర్మానం చేసి, మండలి దానికి ఒప్పుకుంటే ‘తిరస్కరించారు’ అనాలి. గవర్నరే వెనక్కి తీసుకుంటే ‘ఉపసంహరించారు’. ‘రద్దు’ సరిగ్గా అతికేది ఒక్కచోటే: ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన చట్టం, తన చివరి సెక్షన్‌లో దాన్ని కొట్టేసినప్పుడు. అన్నింటికీ ఒకే మాట వాడితే శాసనసభ వద్దందా, ఊరుకుందా, ఆమోదించిందా అన్నది పాఠకుడికి తెలియకుండా పోతుంది.

మరో జవాబు: ‘కాలదోషం’ అసలే వద్దు. ప్రోనోటుకు మూడేళ్లకు కాలదోషం పడితే కోర్టుకెళ్లే దారి మూసుకుపోతుంది తప్ప అప్పు అప్పుగానే ఉంటుంది. గడువు తీరిన ఆర్డినెన్స్ విషయంలో చట్టమే ఉండదు.

‘మురిగిపోవడం’ నాకు ఇష్టమైన మాటే. నిధులు మురిగిపోయాయంటే వాడుకోవాల్సింది వాడుకోక పాడుచేశారన్న నింద అందులోనే ఉంది. సభ రద్దయితే ఆగిపోయే బిల్లుకు అది బాగుంటుంది. ఆర్డినెన్స్‌కు మాత్రం 6 వారాల గడువు అశ్రద్ధ వల్ల వచ్చింది కాదు, సభ అదుపు కోసం కావాలనే పెట్టింది. అందుకని ‘గడువు తీరింది’ అంటాను.

ఇంకొకరు: ఒప్పుకుంటున్నాను. ఆ గడువును దాటవేయడానికి అదే ఆర్డినెన్స్‌ను మళ్లీ మళ్లీ ఇవ్వడాన్ని ‘పునఃజారీ’ అంటారు, ఆ మాట మరీ మెత్తగా ఉంది. బిహార్‌లో 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్స్‌లు ఇచ్చి, కొన్నింటిని 14 ఏళ్ల దాకా నడిపారు. డి.సి. వాధ్వా కేసులో 1986లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగానికి మోసం అంది. 2017లో కృష్ణకుమార్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆర్డినెన్స్‌ను సభ ముందు పెట్టడం తప్పనిసరి అని మెజారిటీతో తేల్చింది. కాబట్టి ‘పునఃజారీ’ అని రాసేటప్పుడు సభ ముందు పెట్టారో లేదో కూడా రాయండి.

ప్రశ్నించినవారు: గడువు తీరాక, అప్పటికే జరిగిన పనులో?

జవాబు: అందులో మన కేసే ఉంది. 1984లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ ఒకటి మునసబు, కరణాల వంటి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పోస్టులను తీసేసింది. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు, పోస్టు తీసేయడం పూర్తయిపోయిన పని కనుక ఆర్డినెన్స్ ఆగినా అది తిరిగి రాదంది. 2017 తీర్పు ఈ తర్కాన్ని తోసిపుచ్చింది. ఫలితాలు వాటంతటవే నిలవవు. వెనక్కి తిప్పలేనంత దూరం వెళ్లాయా, తిప్పితే ప్రజాహితం దెబ్బతింటుందా అని చూడాలంది.

ఒక చిన్న మాట. జీవోలు కూడా గవర్నర్ పేరుతోనే వస్తాయి గానీ ఈ 6 వారాల గడువు వాటికి లేదు. ‘గవర్నర్ ఉత్తర్వు’ అని రాసినప్పుడు అది ఆర్డినెన్సో జీవోనో విడిగా చెప్పాలి.