సమస్యాపూరణం: నిప్పు రగిలించి నీటిని నింపుకొనెను

సమస్య (తేటగీతి పాదం):
నిప్పు రగిలించి నీటిని నింపుకొనెను

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్యకు ఒక నియమం పెడుతున్నాను. పూరణ ఆండీ వియర్ నవల ‘ద మార్షియన్’ చదివిన అనుభవంలోంచి రావాలి. నవల మీద మీ అభిప్రాయం పద్యంలోనే తెలియాలి. మెచ్చుకోండి, తప్పుపట్టండి, కానీ పురాణాల వైపో వంటింటి వైపో తప్పుకోవద్దు.

ఈ నవలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. వియర్ అప్పట్లో కంప్యూటర్ ప్రోగ్రామర్. ఈ కథను మొదట తన వెబ్‌సైటులో ఒక్కో అధ్యాయంగా పెడుతూ వచ్చారు. చదివినవారు లెక్కల్లోనూ రసాయనశాస్త్రంలోనూ లోపాలు చూపిస్తే దిద్దుకుంటూ ముందుకు సాగారు. 2011లో ఈ-పుస్తకంగా తానే తెచ్చారు, 2014లో ప్రచురణ సంస్థ అచ్చువేసింది, మరుసటి ఏడాది సినిమా వచ్చింది. పాఠకులు దిద్దగా నిలిచిన పుస్తకం కనుక దాన్ని గణాలూ యతులూ దిద్దుకునే మన పద్ధతిలో చర్చించడం సముచితమని నాకు అనిపించింది.

చదవనివారి కోసం రెండు మాటలు. అంగారకుడి మీద దిగిన ఆరుగురిలో మార్క్ వాట్నీ ధూళి తుఫానులో చనిపోయాడనుకుని మిగతా ఐదుగురు వెళ్ళిపోతారు. అతడు బతికే ఉంటాడు. వృక్షశాస్త్రజ్ఞుడు కనుక ఉన్న బంగాళాదుంపలనే నాటుకుంటాడు. పంటకు నీరు చాలదు. ఆ నీటిని అతడు ఎలా సంపాదించాడన్నదే మన సమస్యాపాదం.

కొత్తవారికి: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. ప్రాసయతి చెల్లుతుంది.

రాజమహేంద్రవరం నుంచి, రసాయనశాస్త్రం బోధించే మిత్రుని పూరణ

ఇంధనము నౌకలో నున్న దింత యనుచు
వేడి యిరిడియమ్ముపయిన వేరుపరచి
యుదజనికి ప్రాణవాయువు నొసగి పిదప
నిప్పు రగిలించి నీటిని నింపుకొనెను

“గురువుగారూ, ఈ నవలలో నాకు అన్నింటికంటే నచ్చిన ఘట్టం ఇదే. దిగిన నౌకలో మిగిలిన ఇంధనం హైడ్రజీన్‌ను ఇరిడియం మీదుగా పంపితే నత్రజని, ఉదజని విడిపోతాయి. 32 గ్రాముల హైడ్రజీన్‌లో ఉదజని 4 గ్రాములు. దానికి 32 గ్రాముల ప్రాణవాయువు కలిపి మండిస్తే 36 గ్రాముల నీరు. మా విద్యార్థులకు ఈ లెక్క చెప్పినప్పుడు తరగతి అంతా ముందుకు వంగి వింటుంది.”

*పరిశీలన:* మంచి పూరణ. సమస్యలోని వైరుద్ధ్యం నవలలోని వాస్తవంతోనే విడిపోయింది, బయటి ఊతం అక్కరలేకపోయింది. ‘యిరిడియమ్ము’ అన్న పరాయి పేరు గణాల్లో ఒదిగిన తీరు ముచ్చటగా ఉంది. మొదటి పాదంలో ‘ఇం’కు ‘ఉన్నది+ఇంత’లోని ఇకారంతో స్వరయతి సరిపోయింది. అయితే ‘యనుచు’ పాదాన్ని పూరించడానికే వచ్చింది. ‘దింత యెంచి’ అంటే గణాలూ యతీ చెడవు, అతడు కూర్చుని లెక్క వేసుకున్న సంగతి కూడా వస్తుంది.

మీరు చెప్పిన ఘట్టంలో నన్ను పట్టుకున్నది లెక్క కుదరడం కాదు, లెక్క తప్పడం. ప్రాణవాయువును తగ్గించి, మిగిలిపోయిన ఉదజనిని కొద్దికొద్దిగా కాల్చేద్దామని పథకం వేసిన మనిషి, తాను వదిలే ఊపిరిలో ఇంకా ప్రాణవాయువు ఉంటుందన్న సంగతి మరిచిపోతాడు. పేలుడు జరుగుతుంది. ప్రతినాయకుడు లేని ఈ కథలో ఉత్కంఠ అంతా ఇలాంటి చోట్లనుంచే పుడుతుంది. నా మటుకు ఈ నవల గొప్పతనం అదే.

— “సవరణ శిరోధార్యం. ‘దింత యెంచి’ అనే ఉంచుతాను. ధన్యవాదాలు.”

విజయనగరం నుంచి

గాలి పలుచన కుజునిపై కాని కథకు
పెనుతుపానును కవి తెచ్చి చేర్చెనపుడు
ఒంటరిగ చిక్కి వాట్నీయు నోర్పుతోడ
నిప్పు రగిలించి నీటిని నింపుకొనెను

“మొదటి ఘట్టమే నమ్మశక్యంగా లేదు. అక్కడే పుస్తకం మీద గురి తగ్గింది.”

*పరిశీలన:* భావం సూటిగా ఉంది. రెండవ పాదంలో ‘పె’కు ‘చే’తో యతి కుదరదు. పైగా ‘అపుడు’ తరువాత ‘ఒంటరిగ’ అని విడిగా రాయడం విసంధి, ఉత్వసంధి నిత్యం కదా. రెండింటికీ ఒకే సవరణ సరిపోతుంది:

పెనుతుపానును కవి తెచ్చి పెట్టె నంత
నొంటరిగ చిక్కి వాట్నీయు నోర్పుతోడ

ఇక మీ ఆక్షేపణ. అది నిజమే. అంగారకుడి మీద వాయుపీడనం మన నేల మీద ఉన్నదానిలో ఒక శాతం కూడా ఉండదు, గాలి సాంద్రత అరవయ్యో వంతు. నవలలో చెప్పిన గంటకు 175 కిలోమీటర్ల గాలి అక్కడ వీస్తే, మనకిక్కడ 22 కిలోమీటర్ల గాలి తాకినట్టు ఉంటుంది. గొడుగు పట్టుకుని నడవవచ్చు. రాకెట్టు ఒరగడం, యాంటెన్నా విరిగి మనిషికి గుచ్చుకోవడం జరగని పని. రచయితకు ఈ సంగతి తెలుసు, తెలిసే రాశానని చెప్పారు కూడా. కథ మొదలు కావడానికి ఒక్క అబద్ధం కావాలి, ఆ తరువాత అన్నీ నిజాలే చెబుతాను అన్న ఒప్పందం ఇది. నేను ఆ ఒప్పందానికి తలూపాను. తల అడ్డంగా ఊపే హక్కు మీకు పూర్తిగా ఉంది.

హ్యూస్టన్‌లో ఉంటున్న మన మిత్రుని పూరణ

ఎఱ్ఱమట్టిని కాల్చిన నెగయు నీరు
క్యూరియాసిటి చూపెను కొలిమి పెట్టి
దాని నెఱుగని వాట్నీయె దారి వెదకి
నిప్పు రగిలించి నీటిని నింపుకొనెను

*పరిశీలన:* ఈ పూరణ చదివి రెండుసార్లు చప్పట్లు కొట్టాను. 2012లో అంగారకుడి గేల్ బిలంలో దిగిన క్యూరియాసిటి రోవరు (చక్రాల యంత్రం) పిడికెడు మట్టిని తన పొట్టలోని చిన్న కొలిమిలో 835 డిగ్రీల దాకా వేడిచేసింది. బరువులో సుమారు రెండు శాతం నీరు బయటపడింది. ఆ ఫలితం 2013లో ప్రకటించారు. నవల అప్పటికే పాఠకుల చేతుల్లో ఉంది. అంటే హైడ్రజీన్ వంటి విషంతో చెలగాటమాడి ఇల్లు పేల్చుకోనక్కరలేదు, కాళ్ళ కింది మట్టిని కాల్చితే చాలు. అక్కడా నిప్పే, అక్కడా నీరే! ఒకే సమస్యకు సైన్సు రెండు పూరణలు ఇచ్చిందన్నమాట.

అన్వయంలో చిన్న లోపం. ‘నెగయు నీరు’ అని మొదటి పాదం ఆగిపోయింది, రెండో పాదంలోని ‘చూపెను’కు కర్మ దొరకలేదు. ‘నెగయు నీటిఁ’ అనండి. సరళాదేశం చేసి ‘గ్యూరియాసిటి’ అన్నా యతి నిలుస్తుంది, కానీ యంత్రం పేరు కనుక అలాగే ఉంచినా నేను అభ్యంతరం చెప్పను.

— “ధన్యవాదాలండీ. ఆ మట్టిలో పెర్‌క్లోరేట్లు అనే విషపు లవణాలు ఉన్నాయని ఫీనిక్స్ నౌక 2008లోనే కనుక్కొంది. దుంపలు పండినా తినడానికి పనికిరావని కొందరి వాదన.”

పెర్‌క్లోరేట్లు నీటిలో కరుగుతాయి, మట్టిని కడిగితే పోతాయి. అయితే ఆ కడగడానికి ఇంకెంత నీరు కావాలో! అది మరో పద్యానికి వస్తువు.

గుంటూరు నుంచి (క్రమాలంకారం: అడిగిన వరుసలోనే జవాబులు)

చలికి వణకెడు వాడేమి సలిపె నచట?
దప్పి గొన్నట్టి నరుడేమి తలచి చేసె?
క్రమము తప్పక చెప్పుడీ కవులు నేడు
నిప్పు రగిలించి, నీటిని నింపుకొనెను

*పరిశీలన:* క్రమాలంకారంలో నిర్దోషమైన పూరణ. అవధాన సభలో అయితే ఇది వెంటనే గట్టెక్కిస్తుంది. అయితే ఇక్కడి నియమానికి ఆనదు. నవలలో రోవరు ప్రయాణానికి చలి తీర్చినది నిప్పు కాదు, తవ్వి తెచ్చుకున్న ప్లుటోనియం పెట్టె. ప్లుటోనియం-238 దానంతట అదే వేడినిస్తుంది. మీ అభిప్రాయం కూడా పద్యంలో లేదు.

వరంగల్లు నుంచి, సోదరి పూరణ

కన్ను చెమరించు నొకమాట కానరాదు
లెక్కలే తప్ప లోపల లేడు నరుడు
బ్రదుకు గండము నవ్వుల పాలు చేసి
నిప్పు రగిలించి నీటిని నింపుకొనెను

“గురువుగారూ, అందరూ మెచ్చుకుంటున్న చోట ఇలా రాయడానికి కొంత సంకోచించాను. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా మిగిలినవాడు రాత్రిపూట ఏమనుకున్నాడో ఈ పుస్తకంలో నాకు దొరకలేదు. ప్రతి ప్రమాదం తరువాత ఒక చమత్కారం, ఆపైన మరో లెక్క.”

*పరిశీలన:* అమ్మా, సంకోచం అక్కరలేదు. ఈ వారం వచ్చిన వాటిలో పద్యంగా ఇదే మేలైనది. రెండవ పాదం చూడండి మిత్రులారా: ‘లెక్కలే తప్ప లోపల లేడు నరుడు’. లకారాలు వరుసగా వచ్చినా ఏ ఒక్కటీ బలవంతంగా లేదు, వాడుకమాటలోని బిగువు అలాగే ఉంది. కర్తను చెప్పకుండా వదిలేయడం కూడా ఇక్కడ అర్థవంతమే; నరుడు లేడన్న తరువాత మళ్ళీ పేరు ఎందుకు?

అభిప్రాయంతో మాత్రం సగమే ఏకీభవిస్తాను. వాట్నీ కథ ఎక్కువభాగం దినచర్య రూపంలో ఉంది. అక్కడి రోజు మనకంటే సుమారు 40 నిమిషాలు పెద్దది, దాన్ని ‘సోల్’ అంటారు. ప్రతి రాతకూ సోల్ సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలు వరుసగా ఉండవు. మధ్యలో రోజులు, కొన్నిచోట్ల వారాలు జారిపోతాయి. ఏదో ఒకనాడు ఎవరో చదువుతారని రాస్తున్న మనిషి నవ్వగలిగిన రోజునే కలం పట్టాడని నేను చదువుకున్నాను. నవ్వలేని రోజులు ఆ ఖాళీల్లో ఉన్నాయి.

— విజయనగరం మిత్రుడు: “రాయని పేజీలకు రచయితను మెచ్చుకోవడం ఎలా కుదురుతుందండీ? ఖాళీని మనం నింపుకుంటే అది మన ప్రతిభే.”

— వరంగల్లు సోదరి: “నాకు అదే సందేహం. అయినా సోల్ సంఖ్యల కోసం మరోసారి తిరగేస్తాను.”

విజయనగరం వారి ప్రశ్న గట్టిది. ఖాళీలు కావాలనే వదిలినవని నిరూపించలేను. మిగతా ఐదుగురి విషయంలో మాత్రం సోదరి మాటే నా మాట. తన మనిషిని చచ్చాడనుకుని వదిలి వచ్చిన నాయకురాలి మనసు ఎంత నలిగిపోవాలి! అతడు బతికే ఉన్నాడని తెలిశాక, తిరిగి వెనక్కు వెళ్ళడానికి ఆ ఐదుగురూ ఒప్పుకునే ఘట్టం రెండు మూడు సంభాషణల్లో ముగిసిపోయింది. అక్కడ రచయిత నిలబడాల్సింది. ఆ త్వర నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

సూళ్ళూరుపేట నుంచి

మూడువందల దినములు మూగవోయి
యున్న యంత్రము మేల్కొన నుల్లమలర
శాస్త్రవేత్తల బృందము చక్షువులను
నిప్పు రగిలించి నీటిని నింపుకొనెను

“నియమం దాటానేమో, మన్నించాలి. మా ఊరి పక్కనున్న శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న మంగళయాన్ ఎగరడం చూసినవాణ్ణి. ఈ నవల చదువుతున్నంతసేపూ అదే గుర్తుకొచ్చింది.”

*పరిశీలన:* నీటిని కన్నీటిగా మార్చిన తీరు హృద్యం. ‘శా’కు ‘చ’తో యతిమైత్రి చెల్లుతుంది. వాస్తవాలు కూడా చూద్దాం. 2013 డిసెంబర్ 1న భూకక్ష్య దాటించిన ప్రధాన ఇంజను 2014 సెప్టెంబర్ 22న పరీక్ష కోసం సుమారు నాలుగు సెకన్లు మండింది. 24న దాదాపు 24 నిమిషాలు మండి వ్యోమనౌకను అంగారక కక్ష్యలో నిలిపింది. మూడువందలు అన్నది ఇంచుమించు సరైన సంఖ్యే.

నియమం దాటారన్నది నిజమే. అయినా ఈ పద్యాన్ని పక్కన పెట్టలేను. ఆ ఇంజనులో మండినది మోనోమిథైల్ హైడ్రజీన్, అంటే వాట్నీ నీరు తీసిన ఇంధనానికి దగ్గరి చుట్టం. నవలలోని నిప్పు, మన శ్రీహరికోట నిప్పు ఒకే కుటుంబానికి చెందినవి.

ఈ వారం ఉత్తమ పూరణ వరంగల్లు సోదరిది. రాజమహేంద్రవరం, హ్యూస్టన్ మిత్రులకు ప్రత్యేక అభినందనలు.

వచ్చే వారానికి సమస్య ఇదే నవల చివరి ఘట్టం నుంచి. ఆటవెలది నాలుగో పాదం, అంటే ఐదూ సూర్యగణాలే. పుస్తకం పూర్తిచేసినవారికి చిక్కు వెంటనే విడిపోతుంది, మిగతావారు ఆదివారంలోగా చదివేయండి:

ఓడ చిల్లు పడగ నొడ్డు చేరె